నాలుగు గంటల చదువు

పనిచేసేవాళ్ళ పక్కన గడియారం పట్టుకుని నిలబడేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయినా ఆ మంట తగ్గలేదు. తగ్గించుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

అరవైల చివర్లో మాట. మా నాన్న రైల్వే గుమాస్తా. కృష్ణా వైపు నుంచి బదిలీ మీద వచ్చి తార్నాకలో అద్దె ఇంట్లో దిగాం, అక్కడే ఉండిపోయాం. నేను బి.ఏ. అయ్యాక టైపు పరీక్ష ప్యాసై, యూనివర్సిటీ క్యాంపస్‌లో సర్టిఫికెట్ల సెక్షన్‌లో జూనియర్ క్లర్కుగా చేరాను. పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని నడిచి వెళ్ళేదాన్ని. క్యాంపస్‌లోకి అడుగుపెట్టగానే చెట్లకింద చల్లగా ఉండేది. ఆ చల్లదనం మా సెక్షన్ గుమ్మం దాకానే. లోపల పాత కాగితాల వాసన, దుమ్ము, పైన గొణుక్కుంటూ తిరిగే ఒక్క ఫ్యాను.

గది మధ్యలో ఒక పొడుగాటి టేకు బల్ల. దాని చుట్టూ తొమ్మిది మందిమి. గోడల నిండా బీరువాలు, బీరువాల నిండా రిజిస్టర్లు. పోగొట్టుకున్న సర్టిఫికెట్లకు నకళ్ళు ఇవ్వడం మా పని. వినడానికి ఇంతే. కానీ పాత రిజిస్టర్లన్నీ ఉర్దూలో ఉండేవి. నిజాం రోజుల్లో మెట్రిక్ పరీక్ష రాసినవాళ్ళ పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ ఆ లిపిలోనే. తేదీలు కూడా మనకు తెలిసిన తేదీలు కావు. నిజాం సర్కారు వాడిన ఫస్లీ సంవత్సరాలు. ఆజుర్, దై, బహ్మన్ అంటూ మొదలయ్యే వేరే నెలలు.

ఆ రిజిస్టర్లు తెలిసిన మనిషి మా సీనియర్ క్లర్కు. మౌలాలి నుంచి సైకిల్ మీద వచ్చేవారు. పైజామా, మెడదాకా బొత్తాలు పెట్టిన నల్ల షేర్వాణీ. ఎండాకాలంలో కూడా ఒక్క బొత్తాం తీసేవారు కాదు. వాళ్ళది భువనగిరి వైపు వ్యవసాయ కుటుంబం. చదువంతా ఉర్దూలో సాగింది కాబట్టి రాయడం కూడా ఉర్దూలోనే వేగం. తెలుగు రాయాల్సివస్తే పెన్ను నెమ్మదించేది. నేను మొదటి రోజే ఆయన్ను "మాస్టారూ" అన్నాను. ఆయన నవ్వారు.

"మాస్టరేంది బిడ్డా? నేను క్లర్కును. బడి గిట్ల పెట్టిననుకున్నవా?"

పెట్టారు. ఆయనకు తెలియదంతే. రోజూ నాలుగు గంటలకు ఆ బల్ల బడి అయిపోయేది.

చాయ్ వచ్చేది. పని ఆగేది. ఆ రోజు తయారైన సర్టిఫికెట్లన్నీ బల్ల మధ్యలో పెట్టేవాళ్ళం. అందరికంటే కొత్తగా చేరినవాళ్ళు ఒక్కొక్కటే తీసి గట్టిగా చదవాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు రిజిస్టర్‌లో ఆ వరుస మీద వేలు పెట్టి, అక్కడున్నది ఉర్దూలో చదవాలి. మా సీనియర్ క్లర్కు పెద్దాయన కళ్ళు మూసుకుని వినేవారు. తప్పు దొర్లితే చేతిలో పెన్సిల్‌తో బల్ల మీద ఒక్కసారి కొట్టేవారు. ఏం తప్పో చెప్పేవారు కాదు. అందరం వెతకాలి. తప్పు దొరికాక, అది ఎందుకు తప్పో చదివినవాళ్ళు చెప్పాలి. అప్పుడే రెండో కాగితం.

మొదటి వారం నాకు ఏడుపొచ్చింది. టక్‌మని చప్పుడవగానే ఎనిమిది తలలు పైకి లేచేవి. ఒకరోజు ఒక పుట్టిన తేదీ చదివాను, టక్. పేరు చూశాను, తండ్రి పేరు చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"నెల ఏంది?" అన్నారు పెద్దాయన కళ్ళు తెరవకుండానే.

ఎదుటి మనిషి చూసి చెప్పాడు, "ఖుర్దాద్."

"ఖుర్దాద్ అంటే మన ఏప్రిల్. ఫస్లీ సాల్ ఎప్పుడు షురువైతది?"

"అక్టోబర్లో."

"మరి ఏప్రిల్ కల్ల అంగ్రేజీ సాల్ మారలేదా? నువ్వు ఐదువందల తొంభై కలిపినవ్. అది ముందటి మూడు నెలలకు. జనవరి దాటినంక తొంభై ఒకటి కలపాలె. బహ్మన్ ఆఖర్ల జనవరి తగులుతది, గడబడ ఉంటది, గప్పుడు జంత్రీల, పాత పంచాంగంల చూడాలె. సమజైందా?"

సమజైంది. ఆ రోజు తర్వాత ఆ లెక్క నేనెప్పుడూ తప్పలేదు. ఉర్దూ కూడా అలాగే వచ్చింది నాకు, ఆ బల్ల దగ్గర, చెవుల్లోంచి. ఎవరూ పాఠం చెప్పలేదు, నేను పుస్తకం కొనలేదు. ఏడాది తిరిగేసరికి రిజిస్టర్ మీద వేలు పెట్టే కుర్చీ నాకొచ్చింది. మిగతావాళ్ళదీ ఇదే దారి. ఒకరి తప్పు తొమ్మిది మంది వినేవాళ్ళు కాబట్టి, ఒకరు చేసిన తప్పు ఇంకొకరు చేసేవారు కాదు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వంవాళ్ళు ఉద్యోగుల పాత ఉర్దూ సర్వీసు పుస్తకాలను ఇంగ్లీషులో తిరగరాయడం మొదలుపెట్టారు. పుట్టిన తేదీకి రుజువు కావాలన్నారు. సర్టిఫికెట్ చెదలు తినేసినవాళ్ళు, ఇల్లు మారినప్పుడు పోగొట్టుకున్నవాళ్ళు, అందరూ మా కిటికీ ముందు నిలబడ్డారు. దరఖాస్తులు మూటలు మూటలుగా పేరుకున్నాయి. జనం నెలల తరబడి తిరిగారు, తిట్టారు. తిట్టాల్సిందే, నేను కాదనను. మా పని నెమ్మది. ఆ మాట ఒప్పుకుంటాను.

అప్పుడొచ్చాడు కొత్త అధికారి. ఎక్కడో పనివిధానాల మీద శిక్షణ అయి వచ్చాడట. కుర్చీలో కూర్చోవడం ఆయన ఒంటికి పడేది కాదు. వారం రోజులు చేతిలో గడియారంతో మా వెనక తిరిగాడు. ఒక దరఖాస్తు కిటికీ దగ్గర నుంచి సంతకం దాకా ఎన్ని అడుగులు నడుస్తుందో టేపు పెట్టి కొలిచాడు. నాలుగు గంటలప్పుడు గుమ్మంలో నిలబడి మా చదువు మొత్తం చూశాడు. చివర్లో గడియారం నొక్కి, "తొమ్మిది మంది, ముప్పావు గంట. రోజూ," అన్నాడు.

"సాబ్, అది తప్పులు పట్టెతందుకు," అన్నారు పెద్దాయన.

"తప్పులు పట్టడానికి తొమ్మిది మంది ఎందుకండీ? సరిగ్గా చేస్తే పట్టాల్సిన పనే ఉండదు కదా."

ఆ మాట అప్పుడు నాకు ఎంత తెలివిగా వినిపించిందో ఇక్కడ ఒప్పుకుంటాను. నాకు ఇరవై మూడేళ్ళు. పెద్ద అట్ట మీద గుండ్రాలు, బాణాలు గీసి, మధ్యలో మా పేర్లు రాసి గోడకు తగిలిస్తే నోరు తెరుచుకుని చూశాను. పైగా ఆయన నన్ను పిలిచి, "ఏమ్మా, మీదెటు? కృష్ణానా? చూడగానే అనుకున్నాను. నీ దస్తూరి బాగుంది. బుర్ర కూడా ఉంది. ఈ పనిలో నాకు సాయం చెయ్యి," అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ రోజు ఇంటికెళ్ళి మా అమ్మకు రెండుసార్లు చెప్పాను.

పొడుగు బల్ల పోయింది. నిజంగానే పోయింది, నలుగురు మనుషులు వచ్చి దాన్ని అడ్డంగా తిప్పి గుమ్మంలోంచి బయటకు లాక్కెళ్ళారు. దాని స్థానంలో ఐదు చిన్న బల్లలు, మధ్యలో చెక్క తడికలు. మొదటి కుర్చీ దరఖాస్తు తీసుకుంటుంది. రెండో కుర్చీ రిజిస్టర్‌లో వివరాలు చూసి చీటీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తుంది. మూడో కుర్చీ ఆ చీటీలో తేదీని మార్చి చిత్తు రాస్తుంది. నాలుగో కుర్చీ టైపు చేస్తుంది. ఐదో కుర్చీలో సంతకం, ముద్ర. ఎవరి పని వాళ్ళది. తల తిప్పి మాట్లాడితే పేరు పక్కన గుర్తు పడుతుంది. నాలుగు గంటల చదువు రద్దు. కుర్చీలు చాలని నలుగురిని వేరే సెక్షన్లకు పంపేశారు. పెద్దాయన్ను గది బయట వరండాలో పెట్టారు, కవర్లు అంటించి తపాలా బిళ్ళలు వేసే బల్ల దగ్గర.

అక్కడికి పంపేముందు అధికారి ఆయన్ను పిలిపించాడు.

"మీకు తెలిసిందంతా కాగితం మీద పెట్టేయండి. రేపు మీరు రిటైరైనా ఆఫీసు ఆగకూడదు కదా. మనుషుల తలల్లో ఉంటే ఎలాగండీ, కాగితం మీద ఉండాలి."

పెద్దాయన మూడు రోజులు వరండాలో కూర్చుని చెప్పారు. నేను తెలుగులో రాసుకున్నాను. నాలుగు పేజీలు వచ్చింది. ఏ సంవత్సరాల రిజిస్టర్లు ఎవరి దస్తూరిలో ఉంటాయి, ఏ గుమాస్తా ఏ అంకెను ఎలా రాసేవాడు, అక్షరం మీది చుక్క, నుక్తా, చెరిగిపోతే ఏ పేరు ఏ పేరులా కనిపిస్తుంది, నెలల లెక్క, జంత్రీ ఏ బీరువాలో ఉంది. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి, "ఇదంత ఒక్కసారి చెప్తే రాదు బిడ్డా. కాగితం ముంగటుంటె గుర్తొస్తది," అన్నారు. నేను తల ఊపి రాసుకుంటూ పోయాను.

అధికారి ఆ నాలుగు పేజీలు చేత్తో తూచినట్టు పట్టుకుని, "ఇదెవరు చదువుతారమ్మా? పోస్టుకార్డంత అట్ట మీద పట్టాలి. మూడో కుర్చీ ముందు తగిలిద్దాం," అన్నాడు.

నేను కూర్చుని కుదించాను. పన్నెండు నెలలకు పన్నెండు ఇంగ్లీషు నెలలు రాశాను. కింద ఒక్క వాక్యానికి చోటు మిగిలింది. "ఫస్లీ సంవత్సరానికి 590 కలపాలి." జనవరి తర్వాత తొంభై ఒకటి అన్న మాటకు చోటు లేదు. అక్షరాలు ఇంకాస్త చిన్నవిగా రాస్తే పట్టేదే. కానీ అట్ట అందంగా రావాలని నా తాపత్రయం. అదీగాక, ఆ మాట అందరికీ తెలిసిందేగా అనుకున్నాను. నేను ఆ బల్ల దగ్గర ఊరికే కూర్చుని నేర్చుకున్నదంతా ఊరికే అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. నాకెవరూ పాఠం చెప్పలేదు కాబట్టి అది చదువే కాదనుకున్నాను. ఆ వాక్యం కొట్టేసింది అధికారి కాదు. నేను.

మూడో కుర్చీలోకి కొత్తగా ఒకతను వచ్చాడు. రామంతాపూర్ నుంచి వచ్చేవాడు, ఎం.ఏ. ప్యాసయ్యాడు, నెమ్మదస్తుడు. అతనికి ఉర్దూ రాదు. రానక్కర్లేదన్నారు, చీటీ ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది కదా. అతను అట్టను చూసి తేదీలు మార్చేవాడు. నేను నాలుగో కుర్చీలో టైపు చేసేదాన్ని. నా దగ్గరికి వచ్చేసరికి ఫస్లీ తేదీ ఉండదు, మారిన తేదీ ఒక్కటే ఉంటుంది. అది తప్పో ఒప్పో నాకు తెలిసే దారి లేదు.

పని మాత్రం పరుగెత్తింది. మూటలు కరిగిపోయాయి. గోడ మీద అధికారి పెట్టిన పటంలో, పూర్తయిన సర్టిఫికెట్ల లెక్క చూపే ఎర్రగీత నెలనెలా పైకెక్కింది. వేరే ఆఫీసులవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. చలికాలమంతా అలా గడిచింది. ఆ చలికాలమంతా మేం ఎవ్వరం ఒక్క కొత్త సంగతి నేర్చుకోలేదు. అది గమనించడానికి కూడా మాకు ఎవరి మొహమూ కనబడేది కాదు, మధ్యలో తడికలు.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒక టీచరమ్మ కిటికీ దగ్గరికి వచ్చారు. ప్రభుత్వ బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పేవారట. వారాసిగూడలో ఉండేవారు. తెల్ల నేత చీర, చేతిలో గుడ్డ సంచి. వచ్చిన మొదటిసారి కిటికీ దగ్గర మావాళ్ళు దరఖాస్తు రాసిచ్చి వెళ్ళమన్నారు. రెండోసారి, ఇచ్చేసిన కాగితాలకు మా దగ్గర కిటికీ లేదన్నారు. అది నిజమే. బాణాలన్నీ ముందుకే గీశారు. వెనక్కి వచ్చే కాగితానికి బాణమే లేదు.

మూడోసారి వచ్చినప్పుడు నేను మంచినీళ్ళకని వరండాలోకి వచ్చాను. ఆవిడ పెద్దాయన బల్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి తనే పలకరించారు.

"బిడ్డా, నువ్వు లోపల పనిచేస్తవా? జర నా మాట ఇను. నేను లెక్కల టీచర్ను. మీరు నాకు ఒక యేడు ఎక్కువేసిన్రు. నా పాత సర్వీసు బుక్కుల ఒక తీర్గున్నది, మీ కాగితంల ఇంకో తీర్గున్నది. ఈ కాగితం చూసి నన్ను మే నెలల రిటైర్ చేస్తమంటున్నరు."

"వచ్చే ఏడాది కదా మీరు రిటైరవ్వాల్సింది?"

"అవ్ బిడ్డా. నా పిల్లలు ఇప్పుడు చివరి తరగతికి వస్తున్నరు. ఆరో తరగతి కెల్లి నేనే చెప్పుకుంట వచ్చిన. వచ్చే మార్చిల పబ్లిక్ పరీక్ష. అండ్ల సగం మంది ఇండ్లల్ల లెక్కలు తప్పితే చదువు బంద్ అంటరు. నాకు ఇంకేం వద్దు. ఆ ఒక్క యేడు కావాలె."

కవర్లు అంటిస్తున్న పెద్దాయన చెయ్యి ఆగింది.

"అమ్మా, పాత బుక్కుల నెల ఏమున్నది?"

"తీర్."

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెన్సిల్ ఆయన చేతిలో లేదు. జిగురు పుల్లతో బల్ల అంచు మీద కొట్టారు. టక్.

తీర్ అంటే మే. జనవరి దాటింది. తొంభై ఒకటి కలపాలి. మూడో కుర్చీ ముందు అట్ట, దాని మీద నా అందమైన దస్తూరి కళ్ళముందు కనిపించాయి. ఆ సర్టిఫికెట్ టైపు చేసింది కూడా నేనే.

నేను సరాసరి అధికారి గదిలోకి వెళ్ళాను. విషయం చెప్పాను. అట్టలో తప్పుందన్నాను. ఆయన నమ్మలేదు. అట్ట మీద పైవాళ్ళ ఆమోదముద్ర ఉందన్నాడు. పెద్దాయన్ను పిలిపిస్తానంటే, "ఆయన ఇప్పుడు ఈ పనిలో లేడమ్మా," అన్నాడు. రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టాను. ఉర్దూ చదవడం ఆయనకు రాదు. జంత్రీ తెచ్చి పెట్టాను. ఐదు నిమిషాలు చూశాక ఆయన మొహం మారింది. అప్పుడైనా అయ్యో అంటాడనుకున్నాను.

"దీన్ని దిద్దితే పటంలో గీత కిందికి దిగుతుంది. దిద్దుబాటుకు వేరే ఫారం తయారుచెయ్యాలి. దానికి ఆమోదం కావాలి. తొందరపడకు," అన్నాడు.

"సార్, ఆవిడ్ని మే నెలలో ఇంటికి పంపించేస్తారు."

"ఒక్క కేసు కోసం పద్ధతి మార్చలేం కదమ్మా."

"ఒక్క కేసని మీకెలా తెలుసు? జనవరి దాటి పుట్టినవాళ్ళందరికీ ఇదే తప్పు పడి ఉంటుంది. చలికాలమంతా పంపాం. మళ్ళీ అన్నీ తీసి చదవాలి సార్. నాలుగు గంటలకు కూర్చుందాం."

"అంటే పాత పద్ధతా?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నేను గొంతెత్తాను. ఏం మాట్లాడానో మొత్తం గుర్తులేదు. గడియారంతో అడుగులు కొలిచారుగానీ, ఆ బల్ల దగ్గర ఎవరేం నేర్చుకుంటున్నారో కొలిచారా అని అడిగిన మాట గుర్తుంది. తెలిసిన మనిషిని వరండాలో జిగురు డబ్బా దగ్గర కూర్చోబెట్టి, తెలియని మనిషి ముందు అట్ట పెడితే అదేం పద్ధతి అన్నది గుర్తుంది. తడికల మీదుగా తలలు లేచాయి. చాలా నెలల తర్వాత ఒకరి తప్పు అందరూ కలిసి విన్నారు.

మర్నాడు మెమో వచ్చింది. నాకు కాదు, అధికారికి అసలే కాదు. మూడో కుర్చీ అతనికి. తేదీ మార్చడంలో అశ్రద్ధ అట. అతను ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "నేను అట్ట చూసే కదా చేసిన? అశ్రద్ధ ఏందండీ?" అన్నాడు. మెమో నాకివ్వాలని రాసిచ్చాను. ఆ కాగితం మొదటి కుర్చీ దగ్గరే ఉండిపోయింది, దానికీ బాణం లేదు కాబట్టి.

మేం అధికారిని అడగడం మానేశాం. మధ్యాహ్నం అన్నం తినే వేళ వరండాలో పెద్దాయన బల్ల చుట్టూ చేరాం. నేను, మూడో కుర్చీ అతను, ఇంకో ఇద్దరు. పంపిన సర్టిఫికెట్ల నకళ్ళు తీసి గట్టిగా చదివాం. తప్పులు ఒకటి కాదు, పది కాదు. అతను మొదటిసారి ఆ నెలల పేర్లు చెవులారా విన్నాడు. నాలుగో రోజుకు, పెద్దాయన కొట్టకముందే తనే ఆగి, "ఇది మెహర్. తొంభై ఒకటి," అన్నాడు. నాలుగు రోజులు. చలికాలమంతా అతనికి ఎవరూ ఇవ్వని నాలుగు రోజులు. నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తిట్టాను.

తప్పుల జాబితా అంతా రాసి, రిజిస్టర్ పేజీలతో సహా పెడితే అధికారి కాదనలేకపోయాడు. అయినా ఫారం తయారవ్వాలి, అచ్చవ్వాలి, ఆమోదం రావాలి. పెద్దాయన రోజూ తపాలా కట్టలో టీచరమ్మ కాగితం కోసం వెతికేవారు. మే వెళ్ళిపోయింది. జూన్‌లో బడులు తెరిచారు. దిద్దిన సర్టిఫికెట్ జూలైలో నా చేతికి వచ్చింది. అప్పటికి టీచరమ్మను ఇంటికి పంపేశారు, ఆవిడ స్థానంలో ఇంకొకరు చేరిపోయారు. విద్యాశాఖవాళ్ళు, జరిగిపోయిన దానికి తామేం చేయగలమన్నారు.

దాన్ని తపాలాలో వేయడానికి పెద్దాయన ఒప్పుకోలేదు.

"నువ్వే తీస్కపో బిడ్డా. చేతికియ్యి," అన్నారు.

ఆదివారం పొద్దున వారాసిగూడ వెళ్ళాను. వాన పడి వెలిసింది, గల్లీ నిండా బురద. ఇల్లు అడగాల్సిన పనిలేకపోయింది, లెక్కలు చదువుతున్న ఆడపిల్లల గొంతులు సందు మొదట్లోకే వినిపించాయి. చిన్న ముందుగది. తొమ్మిది మంది పిల్లలు చాప మీద కూర్చుని ఉన్నారు. ఒకమ్మాయి లేచి నిలబడి లెక్క గట్టిగా చదువుతోంది. మిగతావాళ్ళు వింటున్నారు. టీచరమ్మ గోడకు చేరగిలి వింటున్నారు.

"తరగతిలో ఎంతమంది టీచరుగారూ?" అన్నాను.

"ముప్పై నలుగురు. మిగిలినోళ్ళు చిల్కలగూడ అవతల కెల్లి వచ్చేటోళ్ళు. ఇంటికాడికంటే పంపరు కద."

నేను సర్టిఫికెట్ ఇచ్చాను. ఆవిడ చూసి పక్కన పెట్టలేదు. లోపలికెళ్ళి తన పాత సర్వీసు పుస్తకం, మా ఆఫీసు ఇచ్చిన తప్పు సర్టిఫికెట్, రెండూ తెచ్చారు. చదివే అమ్మాయిని ఆగమన్నారు.

"ఎట్ల తప్పయిందో నాకు చెప్పు. వీళ్ళు సుత ఇంటరు. లెక్కనే కద."

నేను ఆఫీసు గురించి మొదలుపెట్టాను. ఐదు కుర్చీలు, తడికలు, పటం, అధికారి. ఆవిడ కాసేపు విన్నారు.

"అది కాదు బిడ్డా. లెక్క చెప్పు. తప్పు కాగితం ముంగట పెట్టుకో. చదువు."

చాప మీద ఆ పిల్లల వరుసలో చివర కూర్చున్నాను. ఆవిడ పాత పుస్తకం తెరిచి ఉర్దూలో నెల చదివారు. తీర్. నేను నా టైపు కాగితంలో సంవత్సరం చదివి ఆగిపోయాను. చప్పుడు కోసం చూశాను. ఎవరూ బల్ల కొట్టలేదు, అక్కడ బల్ల లేదు. తొమ్మిది మంది పిల్లలు నా మొహంలోకి చూస్తున్నారు.

"ఒక ఏడాది తక్కువ కలిపాం," అన్నాను. ఎందుకో చెప్పాను. అక్టోబరు, జనవరి, తొంభై, తొంభై ఒకటి. ముందు వరుస అమ్మాయి నోటుపుస్తకంలో వేసి చూసుకుని తల ఊపింది.

"ఇది తెల్వకనే తప్పయిందా?" అన్నారు టీచరమ్మ.

"తెలుసు. నాకు తెలుసు. అట్ట మీద చోటు చాల్లేదని నేనే తీసేశాను."

ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. పాత పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"వచ్చే ఆదివారం రా," అన్నారు. "చిల్కలగూడ అవతల ఇరవై అయిదు మంది ఉన్నరు. ఆడ చెప్పెటోళ్ళు ఎవ్వరు లేరు. నీకు లెక్కలొస్తయి కద."

మరుసటి ఆదివారం వెళ్ళాను. మార్చి దాకా వెళ్ళాను. చిల్కలగూడ అవతల ఒకరింటి వరండాలో, వచ్చినవాళ్ళ చేత ఒక్కొక్కరుగా గట్టిగా చదివించాను. ఇరవై అయిదు మందిలో పద్నాలుగు మంది వచ్చారు. మిగతా పదకొండు మంది రాలేదు.